తుంటి మార్పిడి తర్వాత ఇంప్లాంట్ కుదురుకుందా? ఏ కొలత పద్ధతి ఎవరికి పనికొస్తుంది

తుంటి కీలు మార్పిడి అయ్యాక ఏడాదికో రెండేళ్లకో తొడ నొప్పితో వచ్చిన మనిషికి ఎక్స్-రే తీస్తారు. "ఇంప్లాంట్ పొజిషన్ బాగుంది" అని రిపోర్టు వస్తుంది. ఆ మాట వెనక కొలత ఏదీ ఉండదు. స్టెమ్ (తొడ ఎముకలోకి దించిన లోహపు కాడ) రెండు మిల్లీమీటర్లు కుంగి ఉన్నా ఒక్క ఫిల్మ్ చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు, ఎందుకంటే కుంగడం తెలిసేది రెండు ఫిల్ములు పక్కపక్కన పెట్టినప్పుడే. పైగా ఆ రెండు మిల్లీమీటర్లు ఒక రకం స్టెమ్‌కి మామూలే, ఇంకో రకానికి ప్రమాద సూచన.

కొలిచే దారులు ప్రధానంగా నాలుగున్నాయి. మామూలు ఎక్స్-రే మీద చేత్తో కొలవడం, అవే ఎక్స్-రేలను ఈబ్రా అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి కొలవడం, ఎముకలో టాంటలం అనే లోహపు పూసలు పెట్టి రెండు ట్యూబులతో ఒకేసారి ఎక్స్-రే తీసే రేడియోస్టీరియోమెట్రిక్ అనాలిసిస్, పొట్టిగా ఆర్‌ఎస్‌ఏ, వీటన్నిటికన్నా కొత్తదైన సీటీ పద్ధతి. వీటిలో ఏది మేలు అని అడిగేముందు మన ప్రశ్న ఏమిటో తేల్చుకోవాలి. ఫలానా పేషెంటు ఇంప్లాంట్ వదులైందా అన్నది ఒక ప్రశ్న. కొత్తగా వచ్చిన స్టెమ్, కొత్త పూత, కొత్త సిమెంట్ పాతవాటంత బాగా కుదురుకుంటున్నాయా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి ఆర్‌ఎస్‌ఏ దాదాపు అక్కరకు రాదు. రెండోదానికి మామూలు ఎక్స్-రే చాలదు. ఈ రెండూ కలగలిపేయడం వల్లే థీసిస్‌లు పాడవుతాయి, పేషెంట్లకు అనవసరపు సీటీలు పడతాయి.

కదలికల్లో రెండు రకాలు

అడుగు వేసినప్పుడు బరువుకి కొద్దిగా జరిగి, కాలు ఎత్తగానే వెనక్కి వచ్చేసేది సూక్ష్మకదలిక. దీన్ని మైక్రాన్లలో (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) లెక్కిస్తారు. 1986లో పిలియార్ బృందం కుక్కల మీద చేసిన పనిలో 28 మైక్రాన్ల దాకా కదులుతున్నా ఎముక ఇంప్లాంట్ రంధ్రాల్లోకి పెరిగింది. 150 మైక్రాన్లు, ఆపైన కదిలితే ఎముక బదులు పీచులాంటి కణజాలం అల్లుకుంది. సిమెంట్ లేని ఇంప్లాంట్‌ను గట్టిగా బిగించాలని సర్జన్లు పట్టుబట్టేది ఇందుకే. అయితే ఆపరేషన్ అయి ఇంటికెళ్లిన మనిషిలో ఈ కదలికను మామూలు పరీక్షలతో కొలవలేం. ఆపరేషన్ టేబుల్ మీద సర్జన్ బ్రోచ్ (స్టెమ్ కోసం ఎముకలో గాడి చేసే ఆకురాయి) పట్టుకుని మెలితిప్పి చూస్తాడు, సుత్తి దెబ్బకు శబ్దం మారడం వింటాడు. పళ్ల ఇంప్లాంట్లకు వాడే రెజొనెన్స్ మీటర్ లాంటివి తుంటికి కూడా ప్రయత్నిస్తున్నారు గానీ రోజువారీ వాడకంలోకి రాలేదు.

రెండోది వెనక్కి రాని జరుగుడు. స్టెమ్ కిందికి కుంగడం, తన ఇరుసు చుట్టూ వెనక్కి తిరగడం, పక్కకు వాలడం. కప్పు (కటి ఎముకలో బిగించిన గిన్నె) పైకి జరగడం, వాలు మారడం. ఇంగ్లిష్ పుస్తకాల్లో మైగ్రేషన్ అని రాసేది దీన్నే. పైన చెప్పిన నాలుగు పద్ధతులూ కొలిచేది ఈ జరుగుడునే.

మామూలు ఎక్స్-రే: ఏ ఊళ్లోనైనా దొరికేది, ఎక్కువగా చెడగొట్టేది

చేత్తో కొలిచినప్పుడు నాలుగైదు మిల్లీమీటర్ల కన్నా చిన్న తేడాను నమ్మకపోవడం మంచిది. అంత తప్పు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం వరకు తగ్గించుకోవచ్చు.

మొదటిది మాగ్నిఫికేషన్. తుంటి కీలు డిటెక్టర్‌కి అంటుకుని ఉండదు, కాబట్టి ఫిల్మ్ మీద అన్నీ పదిహేను ఇరవై శాతం పెద్దగా కనిపిస్తాయి. పేషెంటు లావైతే ఇంకా పెద్దగా. ఒక ఫిల్ములో మాగ్నిఫికేషన్ 1.20, ఇంకోదాంట్లో 1.16 అనుకుందాం. నిజంగా 100 మి.మీ. ఉన్న దూరం మొదటిదాంట్లో 120, రెండోదాంట్లో 116 చూపిస్తుంది. ఏమీ కదలకుండానే 4 మి.మీ. తేడా వచ్చేసింది. విరుగుడు ఇంప్లాంట్‌లోనే ఉంది: బాల్ (స్టెమ్ మీద కూర్చుని కప్పులో తిరిగే గుండ్రటి తల) వ్యాసం డిశ్చార్జ్ సమ్మరీలో ఉంటుంది. 36 మి.మీ. బాల్ ఫిల్మ్ మీద 42.5 మి.మీ. వస్తే మాగ్నిఫికేషన్ 1.18. ఆ ఫిల్ములోని ప్రతి కొలతనూ 1.18తో భాగించాలి. ప్యాక్స్ (ఆసుపత్రి ఫిల్ములు దాచే కంప్యూటర్ వ్యవస్థ) స్క్రీన్ మీద వచ్చే మిల్లీమీటర్లు చాలాచోట్ల డిటెక్టర్ తలం మీదివి, వాటిని అలాగే రాసేసుకోకూడదు. మెటల్ మీద మెటల్ రకం కప్పుల్లో బాల్ అంచు కప్పు నీడలో కలిసిపోతుంది. అప్పుడు కప్పు బయటి వ్యాసం వాడాలి. ఎలాగూ కొంత తప్పు మిగులుతుంది కాబట్టి దగ్గరి గుర్తుల మధ్య కొలవడం మేలు: పెద్ద ట్రొకాంటర్ (తొడ ఎముక పైభాగంలో బయటివైపు ఉండే పెద్ద బుడిపె) కొస నుంచి స్టెమ్ భుజం, అంటే దాని పై మూల వరకు. చిన్న దూరం మీద రెండు శాతం తప్పు వచ్చినా మిల్లీమీటర్‌లో చిన్న వంతే.

రెండోది కాలి తిప్పుడు. కాలు బయటికి తిరిగి ఉంటే పెద్ద ట్రొకాంటర్ వెనక్కి పోతుంది, స్టెమ్ మెడ పొట్టిగా కనిపిస్తుంది, కొలతలన్నీ మారతాయి. దీన్ని పట్టుకునే సులువైన గుర్తు చిన్న ట్రొకాంటర్, అంటే తొడ ఎముక పైభాగంలో లోపలివైపు ఉండే చిన్న బుడిపె. రెండు ఫిల్ములు పక్కన పెట్టి, తొడ ఎముక లోపలి అంచు దాటి చిన్న ట్రొకాంటర్ ఎంత బయటికి పొడుచుకొచ్చిందో చూడండి. ఒకదాంట్లో సన్నటి గీతలా, ఇంకోదాంట్లో బొటనవేలి కొసంత ఉంటే ఆ రెండు ఫిల్ములనూ తీసివేతకు వాడకండి. కప్పు విషయంలో ఇదే పని కటి ఎముక చేస్తుంది: కటి ఎముకలో కింద ఉండే రెండు ఆబ్ట్యురేటర్ రంధ్రాల ఆకారం, పొత్తికడుపు కింద సింఫసిస్ (కటి ఎముకలు ముందు కలిసే అతుకు) మధ్యలో ఉందా లేదా అన్నవి రెండు ఫిల్ముల్లో ఒకేలా ఉండాలి. కప్పు ఎత్తును, ఫిల్ములో కటి ఎముక మీద కన్నీటి చుక్కల్లా కనిపించే రెండు టియర్‌డ్రాప్‌లను కలిపే గీత నుంచి కొలుస్తారు. ఒక ఫిల్మ్ పడుకోబెట్టి, ఒకటి నిలబెట్టి తీస్తే కటి వాలు మారి కప్పు కోణాలు మారినట్టు భ్రమ పుడుతుంది.

రేడియోగ్రాఫర్‌కి చెప్పాల్సింది ఇంతే: పెల్విస్ ఏపీ (కటిని ముందు నుంచి తీసేది), వెల్లకిలా, కాళ్లు రెండూ 15 డిగ్రీలు లోపలికి తిప్పి బొటనవేళ్లు కలిపి, ట్యూబు దూరం ప్రతిసారీ ఒకటే. స్టెమ్ కొస, దాని కింద సిమెంట్ ఉంటే అదీ పూర్తిగా పడాలి. స్టెమ్ పొడుగై పెల్విస్ ఫిల్ములో పట్టకపోతే తుంటిది విడిగా ఇంకొకటి తీయాలి. ఈ నాలుగు ముక్కలు గోడ మీద అంటించి ఉన్న విభాగంలో ఫిల్ములు పదేళ్ల తర్వాత కూడా పనికొస్తాయి.

అయినా మామూలు ఎక్స్-రే అసలు బలం మిల్లీమీటర్లు చెప్పడంలో లేదు, ఎముక ఎలా స్పందించిందో చూపించడంలో ఉంది. స్టెమ్ చుట్టూ గ్రూయెన్ గీసిన 7 మండలాలు, కప్పు చుట్టూ డీలీ-చార్న్‌లీల 3 మండలాలు. వీటిలో నల్ల గీత (ఇంప్లాంట్ లేదా సిమెంట్‌కీ ఎముకకీ మధ్య ఖాళీ) ఎక్కడ, ఎంత వెడల్పు, గత ఫిల్ముతో పోలిస్తే పెరిగిందా అని రాస్తే చాలు. సిమెంట్ స్టెమ్‌లో సిమెంట్ పగులు, స్టెమ్ విరగడం, సిమెంట్ తొడుగు మొత్తం జరగడం కనిపిస్తే వదులైనట్టే, ఇక ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. సిమెంట్ లేనివాటికి ఎంగ్ ప్రమాణాలు: పూత అంచు దగ్గర ఎముక వంతెనలా అతుక్కుని తెల్లటి మచ్చలుగా కనిపించి, పూత ఉన్న చోట గీతలు లేకపోతే ఎముక పట్టింది. స్టెమ్‌కు సమాంతరంగా సన్నటి గీతలు ఉండి, స్టెమ్ మాత్రం జరగకుండా ఉంటే పీచు పట్టుతో నిలబడింది. చాలామంది ఇలాగే ఏళ్ల తరబడి బాగా నడుస్తారు. గీతలు విచ్చుకుంటూ, స్టెమ్ కొస కింద ఎముక దిమ్మెలా గట్టిపడి, స్టెమ్ కుంగుతూ ఉంటే అది కుదురుకోలేదు.

ఈబ్రా: పాత ఫిల్ములే పెట్టుబడి

ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో పుట్టిన పద్ధతి ఇది. పేరు జర్మన్ మాటల పొడి అక్షరాలు. మొదట కప్పు కోసం, తర్వాత ఈబ్రా-ఎఫ్‌సీఏ పేరుతో స్టెమ్ కోసం వచ్చింది. పూసలు, ప్రత్యేక గది, రెండో ట్యూబు ఏవీ అక్కర్లేదు. ఒకే పేషెంటువి వరుస తేదీల ఏపీ ఎక్స్-రేలు తీసుకుని, ప్రతిదాని మీద ఎముక అంచులకు స్పర్శరేఖలు, ఇంప్లాంట్ మీద గుర్తు బిందువులు పెడతారు. ఈ సాఫ్ట్‌వేర్ చేసే అసలు పని కొలవడం కన్నా ముందే ఉంటుంది: ఏ ఫిల్మును ఏ ఫిల్ముతో పోల్చవచ్చో లెక్కేసి, కటి గానీ తొడ గానీ మరీ తిరిగిపోయినవాటిని పక్కన పడేస్తుంది. మనం కంటితో చిన్న ట్రొకాంటర్‌ను చూసి చేసిన జల్లెడే, లెక్కతో.

స్టెమ్‌కి దీని ఖచ్చితత్వం 1.5 మి.మీ. లోపు, కప్పుకి సుమారు 1 మి.మీ. ఆర్‌ఎస్‌ఏతో పోల్చి చూసినప్పుడు, 1 మి.మీ. దాటిన స్టెమ్ కుంగుబాటును ఈబ్రా-ఎఫ్‌సీఏ 78 శాతం సందర్భాల్లో పట్టుకుంది. కుంగింది అని చెప్పినప్పుడు తప్పు చెప్పలేదు. అంటే ఇది "జరిగింది" అంటే నమ్మండి, "జరగలేదు" అంటే కొంచెం ఆలోచించండి. స్టెమ్ తన ఇరుసు చుట్టూ తిరగడాన్ని ఇది చూడలేదు. ఫిల్మ్ ఒక తలం మీద నీడే కదా.

గండి పడేది ఎక్కడంటే ఫిల్ముల సంఖ్య దగ్గర. ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లు మూడు తీరుల్లో తీసిన విభాగంలో ఐదు ఫిల్ములు పెడితే మూడు తిరస్కరణకు పోతాయి, మిగిలిన రెండింటితో గ్రాఫ్ రాదు. ఒక్కో పేషెంటుకి నాలుగైదు పోల్చదగిన ఫిల్ములు లేకపోతే మొదలుపెట్టకండి. అధ్యయనం ఒప్పుకునే ముందు ఓ పదిమంది పాత ఫిల్ములు తెప్పించి ఎన్ని నిలుస్తాయో చూసుకుంటే తర్వాత బాధ ఉండదు.

ఆర్‌ఎస్‌ఏ: మిల్లీమీటర్‌లో పదో వంతు కావాలంటే

స్వీడన్‌లోని లుండ్‌లో గోరాన్ సెల్విక్ 1974 నాటి తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంతో స్థిరపరచిన పద్ధతి. ఇవాళ్టికీ మిగతా పద్ధతులన్నిటినీ దీనితోనే పోల్చి చూస్తారు. జరుగుడులో 0.05 నుంచి 0.5 మి.మీ., తిరుగుడులో 0.15 నుంచి 1.15 డిగ్రీల ఖచ్చితత్వం దీనిది. ఇరుసు ఏది, పూసలు ఎలా పడ్డాయి అన్నదాన్ని బట్టి ఆ పరిధిలో ఎక్కడో ఉంటుంది.

పని ఆపరేషన్ థియేటర్లో మొదలవుతుంది. 0.8 లేదా 1 మి.మీ. టాంటలం పూసలను స్ప్రింగ్ ఉన్న గొట్టంతో ఎముకలోకి కొడతారు. స్టెమ్ కోసం పెద్ద ట్రొకాంటర్‌లో, చిన్న ట్రొకాంటర్ దగ్గర. కప్పు కోసం దాని చుట్టూ కటి ఎముకలో. ఒక్కో ఎముకకు ఆరు నుంచి తొమ్మిది. లెక్కకు మూడు చాలు గానీ కొన్ని ఇంప్లాంట్ వెనక దాక్కుంటాయి, కొన్ని మెత్తటి ఎముకలో వదులవుతాయి, అందుకే అన్ని. తర్వాత పేషెంటును బల్ల మీద పడుకోబెట్టి, కింద కాలిబ్రేషన్ కేజ్ ఉంచి, సుమారు 40 డిగ్రీల కోణంలో ఉన్న రెండు ట్యూబులతో ఒకే క్షణంలో ఎక్స్-రే తీస్తారు. కేజ్‌లోని పూసల స్థానాలు ముందే తెలుసు కాబట్టి, వాటి ఆధారంగా ట్యూబుల స్థానం, దాన్నుంచి ఎముక పూసల త్రీడీ స్థానం వస్తాయి. ఇంప్లాంట్ మీద కూడా పూసలు అతికించడం పాత తీరు. ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో తయారైన మోడల్ ఆధారిత సాఫ్ట్‌వేర్ లాంటివి ఇంప్లాంట్ త్రీడీ నమూనాను దాని నీడ అంచులకు సరిపోల్చి ఆ అవసరం తప్పించాయి. నమూనా మాత్రం సరిగ్గా అదే సైజుది ఉండాలి, కంపెనీ ఇవ్వాలి. లేదంటే ఇంప్లాంట్‌ను స్కాన్ చేసి తయారు చేసుకోవాలి.

ఫలితం నమ్మదగిందో లేదో చెప్పే అంకెలు రెండు. ఒకటి కండిషన్ నంబర్. పూసలు ఎంత విశాలంగా పరుచుకున్నాయో చెబుతుంది. 120 లోపు ఉంటే బాగు, 150 దాటితే తిరుగుడు కొలతలు నమ్మకండి. హడావిడిలో పూసలన్నీ ఒకే రంధ్రం నుంచి ఒకే దిక్కుకు కొట్టేస్తే దాదాపు ఒకే గీత మీద పడతాయి, ఈ నంబర్ ఎగబాకుతుంది, ఆ పేషెంటు డేటా అంతా వృథా. రెండోది రిజిడ్ బాడీ లోపం. రెండు పరీక్షల మధ్య పూసల పరస్పర దూరాలు మారాయా అని చూస్తుంది, 0.35 మి.మీ. దాటితే ఏదో పూస కదిలిందని అర్థం. దాన్ని తీసేసి మళ్లీ లెక్కించాలి. మిగిలినవి మూడు కన్నా తగ్గితే ఆ పేషెంటు అధ్యయనంలోంచి బయటికే.

తప్పనిసరి పని, అయినా ఎగ్గొట్టే పని ఒకటుంది: డబుల్ పరీక్ష. అదే రోజు పేషెంటును లేపి, మళ్లీ పడుకోబెట్టి, ట్యూబులు కదిపి రెండోసారి తీయాలి. గంటలో ఇంప్లాంట్ కదలదు కాబట్టి రెండింటి మధ్య వచ్చిన తేడా అంతా మీ గది తప్పే. మీ ఫలితాల పక్కన రాయాల్సింది ఆ తప్పు పరిమాణం, పుస్తకంలోని 0.05 కాదు.

మొదటి పరీక్ష బరువు మోపక ముందే, లేదా ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే జరగాలి. తర్వాత 6 వారాలు, 3, 6, 12, 24 నెలలకు తీస్తారు. మొదటిది ఆరు వారాలకు జరిగిపోతే సిమెంట్ లేని స్టెమ్ తొలి కుంగుబాటు అంతా తెలియకుండానే పోతుంది. ఆ తర్వాత ఎంత ఖచ్చితంగా కొలిచినా ఉపయోగం లేదు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఒక్కో గుంపులో పదిహేను నుంచి పాతికమందితో, రెండేళ్లలో ఇంప్లాంట్ భవిష్యత్తు చెప్పవచ్చు. మామూలుగా అదే విషయం తేలడానికి వేలమందిని పదేళ్లు గమనించాలి. 1990ల మొదట్లో యూరప్ మార్కెట్లోకి వచ్చిన బోన్‌లాక్ సిమెంట్ ఇందుకు మంచి ఉదాహరణ. తక్కువ వేడితో గట్టిపడుతుందని అమ్మారు. చిన్న ఆర్‌ఎస్‌ఏ అధ్యయనాల్లోనే ఇంప్లాంట్లు మామూలు కన్నా ఎక్కువ జరుగుతున్నట్టు బయటపడింది. 1995లో వెనక్కి తీసుకునేటప్పటికి ఎంతోమందికి వాడేశారు. ఆ కొలతలు ముందే చేసి ఉంటే అంతమందికి రీఆపరేషన్ తప్పేది.

సీటీ పద్ధతి: పూసలు లేకుండా ఆర్‌ఎస్‌ఏ దగ్గరికి

మామూలు సీటీ యంత్రంలో రెండు వేర్వేరు తేదీల్లో తీసిన స్కాన్‌లను తీసుకుని, సాఫ్ట్‌వేర్ మొదట ఎముకను ఎముక మీద అతికిస్తుంది, తర్వాత ఇంప్లాంట్ ఎంత జరిగిందో లెక్కిస్తుంది. స్వీడన్‌లోని సెక్ట్రా సంస్థ సీటీఎంఏ ఇందులో పేరున్నది. ఖచ్చితత్వం ఆర్‌ఎస్‌ఏతో దాదాపు సమానం. 2024లో ఆక్టా ఆర్థోపెడికా పత్రికలో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆర్‌ఎస్‌ఏతో పాటు సీటీ-ఆర్‌ఎస్‌ఏకి కూడా నియమాలు పెట్టాయంటే ఇది ప్రయోగ దశ దాటినట్టే.

మన దేశంలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మా ఓటు దీనికే. సీటీ యంత్రం జిల్లా కేంద్రాల్లో సైతం ఉంది. కేజ్, రెండో ట్యూబు, పూసల గన్ తెప్పించుకోనక్కర్లేదు. పేషెంటు కాలు కొంచెం తిరిగి ఉన్నా ఫర్వాలేదు, ఎందుకంటే తొడ ఎముకనూ కటినీ విడివిడిగా అతికిస్తారు.

జాగ్రత్తలు మూడు. అన్ని స్కాన్‌లూ అదే యంత్రం మీద, అదే కెవి (ట్యూబు వోల్టేజ్), అదే కెర్నల్ (ఇమేజ్‌ను తయారుచేసే లెక్క), లోహం పుట్టించే చారలను తగ్గించే అదే మెటల్ ఆర్టిఫాక్ట్ సెట్టింగ్‌తో ఉండాలి. మధ్యలో ఆసుపత్రి యంత్రం మార్చిందంటే కొత్త యంత్రం మీద డబుల్ పరీక్ష మళ్లీ చేయాలి. స్లైస్ మందం 1 మి.మీ. దాటకూడదు. స్కాన్ స్టెమ్ కొస దాటి కొన్ని సెంటీమీటర్ల కింది వరకు పోవాలి, లేకపోతే అతికించడానికి చెక్కుచెదరని ఎముక దొరకదు: ఏడాది గడిచేసరికి స్టెమ్ మెడ కింద ఎముక కరిగి ఆకారం మారుతుంది, సాఫ్ట్‌వేర్ ఆ మార్పునే కదలిక అనుకునే ప్రమాదం ఉంది. కోబాల్ట్-క్రోమ్ స్టెమ్ టైటానియం కన్నా ఎక్కువ చారలు పుట్టిస్తుంది.

రేడియేషన్ డోసు సంగతి. రోగ నిర్ధారణ కోసం తీసే కటి సీటీ ఐదారు మిల్లీసీవర్ట్‌లో అంతకు మించో ఉంటుంది. ప్రకృతి నుంచి మనందరికీ ఏడాదికి పడేది ప్రపంచ సగటున 2.4. అదే సీటీని ఐదుసార్లు తీస్తామంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కదలిక కొలవడానికి మెత్తటి కణజాలం స్పష్టంగా కనబడనక్కర్లేదు, ఎముక అంచు కనబడితే చాలు. కాబట్టి ట్యూబు కరెంటు బాగా తగ్గించిన ప్రోటోకాల్ ముందే రాయించుకోవాలి. రేడియాలజిస్టు "ఇమేజ్ గరుకుగా ఉంది" అని పెంచేస్తాడు; ఎందుకు తగ్గించామో రిక్వెస్ట్ ఫారం మీదే రాయండి.

సీటీతో ఇంకో చిట్కా ఒక్క పేషెంటుకి పనికొస్తుంది. వదులైందన్న అనుమానం ఉండి పాత స్కాన్ లేకపోతే, పాదం వీలైనంత లోపలికి తిప్పి ఒకసారి, బయటికి తిప్పి ఒకసారి స్కాన్ చేస్తారు. తొడ ఎముకకూ స్టెమ్‌కూ మధ్య కోణం మారితే అది వదులైనట్టే. రెండేళ్లు ఆగనక్కర్లేదు. మారకపోతే మాత్రం గట్టిగా ఉందని తేల్చేయలేం. నొప్పికి పేషెంటు కాలు బిగపట్టి ఉండొచ్చు.

కొలత కానివి

టెక్నీషియం బోన్ స్కాన్, స్పెక్ట్-సీటీ ఎముక చురుకుదనం చూపిస్తాయి, కదలికను కాదు. సిమెంట్ ఇంప్లాంట్ చుట్టూ ఏడాది వరకు, సిమెంట్ లేనిదాని చుట్టూ రెండేళ్ల వరకు మామూలుగానే మెరుస్తుంది. ఆ లోపు తీయించి భయపడటం దండగ. డెక్సా స్కాన్ ఎముక సాంద్రత చెబుతుంది. సాంద్రత తగ్గినా స్టెమ్ స్థిరంగా ఉండొచ్చు.

అంకె వచ్చాక: ఇంప్లాంట్ రకం చూడకుండా చదవకండి

రెండేళ్లకు స్టెమ్ 1.2 మి.మీ. కుంగిందని తేలింది అనుకుందాం. అది ఎక్సెటర్ లాంటి నున్నటి, కిందికి సన్నబడే సిమెంట్ స్టెమ్ అయితే ఏమీ కాలేదు. ఆ స్టెమ్ సిమెంట్ లోపల కొద్దిగా దిగి బిగుసుకునేలాగే తయారైంది; మొదటి రెండేళ్లలో ఒకటి ఒకటిన్నర మి.మీ. దిగడం మామూలు. అదే లుబినస్ లాంటి, ఆకారంతోనే సిమెంట్‌ను పట్టుకుని కదలకుండా ఉండాల్సిన స్టెమ్ అయితే విషయం వేరు. ఈ రకానికి రెండేళ్లకు 0.15 మి.మీ. దాటితేనే ఆ డిజైన్‌ను అనుమానించాలని ఆర్‌ఎస్‌ఏ అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2015 నాటి విశ్లేషణ చెప్పింది. 1994లోనే కార్హోమ్ బృందం రెండేళ్లకు 1.2 మి.మీ. కుంగిన ఇలాంటి సిమెంట్ స్టెమ్‌కు రివిజన్ (ఇంప్లాంట్ మార్చే రీఆపరేషన్) అవకాశం సగానికి మించి ఉంటుందని లెక్కేసింది.

సిమెంట్ లేని స్టెమ్‌కి ఎంత కుంగింది అన్నదాని కన్నా ఎప్పుడు ఆగింది అన్నది ముఖ్యం. మొదటి ఆరు వారాలు, మూడు నెలల్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగి ఆగిపోతే ఎముక పట్టినట్టే. ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు గీత ఇంకా కిందికే పోతుంటే, మొత్తం తక్కువైనా మంచిది కాదు. కుంగుబాటుతో పాటు వెనక్కి తిరగడం కూడా చూడాలి. కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం స్టెమ్‌ను ఆ దిక్కుకే నెడతాయి. కింద కూర్చుని లేచే అలవాటున్న మన పేషెంట్లలో దీన్ని వదిలేయకూడదు.

కప్పుకి 2012లో వచ్చిన హద్దులు వాడుకలో ఉన్నాయి: రెండేళ్లకు పైకి జరిగింది 0.2 మి.మీ. వరకు అయితే ఫర్వాలేదు, 0.2 నుంచి 1.0 వరకు అనుమానం, 1.0 దాటితే ఆమోదించరానిది. ఇవి గుంపు సగటుకు పెట్టిన హద్దులు. ఫలానా పేషెంటు కప్పు 0.4 జరిగిందని చెప్పి రీఆపరేషన్ మాట ఎత్తడానికి కాదు.

ఇక ఎంచుకోవడం

నొప్పి ఉన్న ఒక పేషెంటు ఎదురుగా ఉంటే: ఆపరేషన్ నాటి నుంచి ఉన్న ఎక్స్-రేలన్నీ తేదీల వరుసలో పెట్టి, ఇంతకు ముందు చెప్పిన జల్లెడ పట్టండి. కుర్చీలోంచి లేచిన తొలి అడుగుల్లో తొడ నొప్పి స్టెమ్ వైపు, గజ్జల్లో నొప్పి కప్పు వైపు అనుమానం మళ్లిస్తాయి. ఒంట్లో వాపు, చీము ఉంటే పెరిగే రక్త పరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ చేయించండి. పెరిగి ఉంటే కీలులోంచి నీరు తీసి పరీక్షకు పంపడం ఏ కొలత కన్నా ముందు. చీము వల్ల వదులైనదానికి దారే వేరు. ఫిల్ముల్లో తేలకపోతే తిప్పుడు సీటీ. ఆర్‌ఎస్‌ఏ ఊసే వద్దు: పూసలు ఆపరేషన్ రోజున పెట్టి ఉండాలి.

ఎంఎస్, డీఎన్‌బీ విద్యార్థి థీసిస్ అయితే మూడేళ్ల కోర్సులో పేషెంట్లను చేర్చుకుని రెండేళ్ల ఫాలోఅప్ పూర్తి చేయడం కుదరదు. ఆసుపత్రి ప్యాక్స్‌లో ఐదారేళ్ల ఫిల్ములు ఉంటే ఈబ్రాతో వెనక్కి చూసే అధ్యయనం చేయవచ్చు. లేదా ఏడాది ఫాలోఅప్‌తో తక్కువ డోసు సీటీ, ఇరవైమందితో. చేత్తో కొలిచి "సగటు కుంగుబాటు 1.3 మి.మీ." అని రాసిన థీసిస్‌లు వస్తూనే ఉన్నాయి, నాలుగు మిల్లీమీటర్ల తప్పున్న పద్ధతితో ఆ దశాంశం ఎలా వచ్చిందని వైవాలో అడిగితే చెప్పేది ఉండదు.

కొత్త ఇంప్లాంట్‌ను పరీక్షించే విభాగమైతే ఆర్‌ఎస్‌ఏ గానీ సీటీ-ఆర్‌ఎస్‌ఏ గానీ, డబుల్ పరీక్షలతో, రెండేళ్లు. పూసలు పెట్టేట్టయితే వాటి గురించి అంగీకార పత్రంలో తెలుగులో విడిగా రాయాలి. అవి శాశ్వతంగా ఎముకలోనే ఉంటాయని చెప్పాలి.

ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు, ఇంట్లోవాళ్లకు ఒక మాట. ట్యూబ్‌లైట్ ముందు పెట్టి ఫోన్‌లో తీసిన ఎక్స్-రే ఫొటో మీద ఏ డాక్టరూ కొలవలేరు. వాట్సాప్‌లో పంపేది చూడ్డానికి మాత్రమే. ప్రతిసారీ డైకామ్ ఫైళ్లు (యంత్రం ఇచ్చిన అసలు డిజిటల్ ఫిల్ములు) ఉన్న సీడీ అడిగి తీసుకోండి, ముఖ్యంగా డిశ్చార్జ్‌కి ముందు తీసినది. ఇంప్లాంట్ పెట్టె మీది స్టిక్కర్లు, అంటే కంపెనీ, మోడల్, సైజు, బాల్ వ్యాసం, లాట్ నంబర్ ఉన్నవి, డిశ్చార్జ్ సమ్మరీలో అంటించారో లేదో అక్కడే చూసుకోండి. లేకపోతే ఆసుపత్రి రికార్డుల విభాగంలో థియేటర్ నోట్స్ కాపీకి అర్జీ పెట్టండి. పదేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ఆ స్టెమ్ కుంగడం మామూలా కాదా అని చెప్పాలంటే ముందు అది ఏ స్టెమ్మో తెలియాలి.